ఏడు మాత్రల లెక్క

గర్భనిరోధక మాత్రల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ఒకటే: మొదలుపెట్టాక ఎన్నాళ్లకు పనిచేస్తాయి? దాంతో పాటే మధ్యలో మరిచిపోతే ఏం చేయాలి, బాలింతలు ఏం వాడాలి, వ్రతాలప్పుడు వేసుకునే మాత్రల సంగతేమిటి అనీ అడిగారు. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

పెళ్లయి రెండు నెలలైంది. ఏడాది పాటు పిల్లలు వద్దనుకున్నాం. మందుల షాపు నుంచి మాలా-డి తెచ్చుకున్నాను. నెలసరి ఐదో రోజు మొదలుపెట్టాలట. ఆ రోజు నుంచే ధైర్యంగా ఉండొచ్చా? మొదటి స్ట్రిప్ పూర్తయ్యేదాకా లెక్కలోకి రాదని మా అక్క అంటోంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

నెలసరి మొదటి రోజు నుంచి ఐదో రోజు లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. నెల ఆగక్కర్లేదు.

కారణం తెలిస్తే మిగతా ప్రశ్నలకు జవాబు సగం మీకే దొరుకుతుంది. మాలా-డి స్ట్రిప్‌లో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి హార్మోన్ మాత్రలు. ఒక్కో దాంట్లో లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టిన్ రకం హార్మోన్) 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్ రకం హార్మోన్) 0.03 మిల్లీగ్రాములు ఉంటాయి. ముదురు రంగులో ఉండే మిగతా 7 ఐరన్ మాత్రలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో మందూ ఇదే, మోతాదూ ఇదే. పేరులో చివరి అక్షరం మారింది కదా అని బలంలో తేడా ఉందనుకోవద్దు.

అండం పెరగాలన్నా, విడుదల కావాలన్నా మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయానికి కబురు అందాలి. తెల్ల మాత్రలు ఆ కబురును ఆపుతాయి. అయితే ఒక్క మాత్రతో అది ఆగిపోదు. వరసగా ఏడు రోజులు ఏడు మాత్రలు పడితే అండాశయం పూర్తిగా నిద్రపోతుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వకపోవడం దీనికి తోడు. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లలో అండం విడుదలయ్యేది 14వ రోజు ప్రాంతంలో. మీరు ఐదో రోజు మొదలుపెడితే ఏడో మాత్ర పదకొండో రోజున పడుతుంది. అండం సిద్ధమయ్యేలోపే అండాశయం నిద్రలోకి జారుకుంటుంది. అందుకే ఐదు రోజుల గడువు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీకు 23 రోజులకో అంతకంటే ముందో నెలసరి వచ్చే అలవాటుంటే అండం కూడా ముందే విడుదల కావచ్చు. అలాంటివాళ్లు మొదటి రోజే మొదలుపెట్టడం మంచిది. ఐదో రోజు మొదలుపెడితే మొదటి ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలి.

రోజులు లెక్కించడంలోనే చాలామంది తప్పుతారు. సరిగ్గా రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. ముందురోజు కనిపించిన చిన్న మరక లెక్కలోకి రాదు. ఐదో రోజుకు స్రావం ఆగినా, ఇంకా అవుతున్నా మాత్ర వేసుకోవాల్సిందే. స్ట్రిప్ మీద బాణం గుర్తులుంటే వాటి వెంటే వెళ్లండి. అటు చివర ఉన్న ఐరన్ మాత్రలతో మొదలుపెట్టి రక్షణ ఉందనుకునేవాళ్లూ లేకపోలేదు. 28వ మాత్ర అయిన మర్నాడే కొత్త స్ట్రిప్ అందుకోవాలి. నెలసరి వచ్చిందా, ఆగిందా, అసలు రాలేదా అని చూస్తూ కూర్చోవద్దు. మొదటి స్ట్రిప్ గురువారం మొదలైతే ఆ తర్వాతవన్నీ గురువారమే మొదలవుతాయి. ఎక్కడైనా తప్పితే ఇట్టే తెలిసిపోతుంది.

రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు మధ్యమధ్యలో మరకలు కనిపించడం, రొమ్ములు సలపడం మామూలే. మరక చూసి భయపడి మానేస్తేనే అసలు చిక్కు వస్తుంది. ఐరన్ మాత్రల వారంలో విరేచనం నల్లగా అవుతుంది, అదీ ఐరన్ వల్లే. ఆ వారంలో వచ్చే నెలసరి కొద్దిగా, పలచగా ఉంటే రక్తం లోపల నిలిచిపోతోందని ఇంట్లోవాళ్లు అనొచ్చు. అలాంటిదేమీ లేదు. గర్భాశయం లోపలి పొర మందంగా పెరగదు కాబట్టి రాలిపోయేదీ తక్కువే.

మాత్ర మీద ఎంత నమ్మకం ఉంచొచ్చో కూడా చెప్పాలి. ఏడాది పొడవునా ఒక్కటీ తప్పకుండా వేసుకుంటే 1000 మందిలో ముగ్గురికి గర్భం వస్తుంది. నిజజీవితంలో మనుషులు వేసుకునే తీరులో అయితే 100 మందిలో ఏడుగురికి వస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా మందుది కాదు, మతిమరుపుది. ఇంకో మాట. సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి మాత్ర కాపాడదు, ఆ పని నిరోధ్‌దే.

మొదలుపెట్టే ముందు ఒకసారి బీపీ చూపించుకోండి. కడుపు స్కానింగ్, లోపలి పరీక్ష, రక్తపరీక్షల జాబితా అక్కర్లేదు. కానీ బీపీ చూడకుండా మొదలుపెట్టొద్దు. మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూస్తే సరిపోతుంది.

నాకు నెలసరి వచ్చి పన్నెండు రోజులైంది. ఇప్పుడు మాత్రలు మొదలుపెట్టొచ్చా, వచ్చే నెలసరి దాకా ఆగాలా?
– హనుమకొండ నుంచి

ఆగక్కర్లేదు. గర్భం లేదన్నది ఖాయమైతే నెలలో ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. పైన చెప్పిన ఏడు మాత్రల లెక్క మాత్రం ఇక్కడ కచ్చితంగా పాటించాలి. మొదటి ఏడు రోజులూ నిరోధ్ వాడండి, లేదంటే దూరంగా ఉండండి. ఎనిమిదో రోజు నుంచి మాత్ర ఒక్కటే చాలు.

‘గర్భం లేదన్నది ఖాయం’ అంటే పోయిన నెలసరి నుంచి ఇప్పటిదాకా కలవకపోవడమో, కలిసిన ప్రతిసారీ నిరోధ్ వాడటమో అయి ఉండాలి. ఈ మధ్యే రక్షణ లేకుండా కలిసి ఉంటే ఈ రోజు చేసిన మూత్ర పరీక్షలో గర్భం లేదని వచ్చినా దాన్ని పూర్తిగా నమ్మలేం. అయినా మాత్రలు మొదలుపెట్టొచ్చు. చివరిసారి అలా కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి మళ్లీ పరీక్ష చేసుకోండి. అప్పుడు గర్భం ఉందని తేలితే మాత్రలు ఆపేయాలి. అప్పటిదాకా తెలియక వేసుకున్న వాటివల్ల పిండానికి అవకరాలు రావు.

మధ్యలో మొదలుపెట్టినవారికి ఈ నెల నెలసరి తేదీ జరుగుతుంది. ఐరన్ మాత్రల వారంలో వస్తుంది.

మా ఆయన దుబాయిలో పనిచేస్తడు. ఏడాదికొకసారి నలభై రోజుల సెలవు మీద వస్తడు. ఇద్దరు పిల్లలు చాలనుకున్నం. ఆయన వచ్చిన రోజు నుంచి వెళ్లేదాకా మాత్రలు వేసుకుంటే సరిపోతదా?
– జగిత్యాల జిల్లా నుంచి ఒక సోదరి

సరిపోదు. విమానం దిగిన రాత్రి మొదటి మాత్ర వేసుకుంటే, ఆ రోజు మీ నెలసరి ఐదు రోజుల్లో పడితే తప్ప, మొదటి వారమంతా రక్షణ ఉండదు.

టికెట్ తేదీ తెలియగానే దానికి ముందు వచ్చే నెలసరి ఏదో చూసుకోండి. అది రాగానే ఐదో రోజు లోపు మొదలుపెట్టండి. ఆయన జూన్ 20న వస్తారు, మీకు జూన్ 2 ప్రాంతంలో నెలసరి వస్తుంది అనుకుందాం. జూన్ 6 లోపు మొదటి మాత్ర పడాలి. ఆయన వచ్చేసరికి పద్నాలుగు పదిహేను మాత్రలు పడి ఉంటాయి, నిశ్చింత. నెలసరి సరిగ్గా ఆయన వచ్చాక పడేలా ఉంటే ఇంకా తేలిక. ఆయన ఊళ్లో లేరు కనుక గర్భం భయం లేదు, రావడానికి కనీసం ఏడు రోజుల ముందు ఏ రోజైనా మొదలుపెట్టండి. ఒకరోజు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకుండా పది రోజుల ముందైతే మరీ మంచిది.

ఆయన విమానమెక్కిన రోజే మాత్రలు ఆపొద్దు. చేతిలో ఉన్న స్ట్రిప్‌లో తెల్ల మాత్రలు అయిపోయేదాకా వేసుకోండి. కలిసిన తర్వాత వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికి ఉంటాయి. మాత్ర మధ్యలో ఆపేస్తే అండాశయం మేలుకుంటుంది.

ఇద్దరు పిల్లలు చాలనుకున్నారు కాబట్టి ఒక మాట. ఏటా ఇలా మొదలుపెట్టడం, ఆపడం కంటే కాపర్-టీ మీకు సులువు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు, వేసిన రోజు నుంచే పనిచేస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. పైగా కొద్ది రోజులే వాడి నెలల తరబడి ఆపి మళ్లీ మొదలుపెట్టే ప్రతిసారీ, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మొదటి నెలల్లో కొంచెం పెరుగుతుంది.

నైట్ షిఫ్టుల వల్ల మాత్ర తరచూ మరిచిపోతాను. మొన్న వరసగా రెండు రోజులు పోయాయి. మిగతావి మామూలుగా వేసుకుంటే చాలా? ఏది మరిచిపోతే ప్రమాదం?
– విజయవాడ

ఏ మాత్ర పోయిందన్నదే ముఖ్యం, మీరు సరైన ప్రశ్నే అడిగారు. స్ట్రిప్ నడుమ మాత్ర పోతే జనం ఎక్కువ కంగారు పడతారు. నిజానికి ఎక్కువ ముప్పు స్ట్రిప్ మొదట్లో ఉంది.

ఐరన్ వారంలో ఏడు రోజులు హార్మోన్ అందదు. ఆ ఏడు రోజుల్లో అండాశయం మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. ఎనిమిదో రోజు తెల్ల మాత్ర పడగానే మళ్లీ పడుకుంటుంది. కొత్త స్ట్రిప్ రెండు మూడు రోజులు ఆలస్యమైతే విరామం తొమ్మిది పది రోజులవుతుంది. అండం బయటపడటానికి ఆ వ్యవధి చాలు. ఊరెళ్లొచ్చాను, ఆదివారం కొనుక్కుందామనుకున్నాను, షాపులో లేవన్నారు... గర్భం వచ్చాక ఆరా తీస్తే ఎక్కువగా బయటపడేవి ఇలాంటివే. ఇంట్లో ఎప్పుడూ ఒక స్ట్రిప్ అదనంగా ఉంచుకోండి.

ఇక నియమాలు. తెల్ల మాత్ర ఒక్కటే పోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఆ రోజుది మామూలు వేళకు వేసుకోండి. రెండూ ఒకేసారి పడినా ఫర్వాలేదు, కాస్త వికారం తప్ప. నిరోధ్ అక్కర్లేదు.

వరసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ పోతే, చివరిగా మరిచిపోయింది ఒక్కటి ఇప్పుడే వేసుకోండి. అంతకు ముందువి పారేయండి, అన్నీ కలిపి మింగితే వాంతులు తప్ప లాభం లేదు. మిగతావి రోజుకొకటి వేసుకుంటూ, వరసగా ఏడు పడేదాకా నిరోధ్ వాడండి. కొన్ని కరపత్రాల్లో రెండు కాకుండా మూడు పోతేనే అని ఉంటుంది. రెండని పట్టుకుంటే నష్టమేమీ లేదు.

ఇప్పుడు ఏ వారంలో పోయాయో చూడండి. మొదటి ఏడు మాత్రల్లో పోయి, గత ఐదు రోజుల్లో కలిసి ఉంటే అత్యవసర మాత్ర (కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునేది) గురించి వెంటనే డాక్టరునో, ఏఎన్‌ఎంనో అడగండి. ఎనిమిది నుంచి పద్నాలుగు మధ్య పోతే, అంతకు ముందు ఏడూ సరిగ్గా పడి ఉంటే, నిరోధ్ వాడుతూ కొనసాగించండి చాలు. పదిహేను నుంచి ఇరవై ఒకటి మధ్య పోతే తెల్లవి పూర్తి చేసి, ఐరన్ మాత్రలు వదిలేసి, మర్నాడే కొత్త స్ట్రిప్ తెల్ల మాత్రతో మొదలుపెట్టండి. ఆ నెల నెలసరి రాకపోవచ్చు, తప్పు లేదు. ఐరన్ మాత్రలు ఎన్ని మరిచిపోయినా రక్షణకు లోటు లేదు.

మింగిన రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఆ మాత్ర లోపలికి చేరనట్టే లెక్క. ఇంకొకటి వేసుకోండి. దాన్ని అదనంగా ఉంచుకున్న స్ట్రిప్ నుంచి తీయండి, వాడుతున్న దాంట్లో వారాల లెక్క చెదరదు. విరేచనాలు, వాంతులు రెండు రోజులు దాటితే మాత్రలు మరిచిపోయినట్టే భావించి పై నియమాలు పాటించండి.

నైట్ షిఫ్టు వాళ్లకు వేళ కుదరకపోవడానికి కారణం ‘పడుకునే ముందు’ అని పెట్టుకోవడం. పడుకునే వేళ మీకు రోజూ మారుతుంది. గడియారాన్ని పట్టుకోండి. సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉన్నా డ్యూటీలో ఉన్నా మెలకువగా ఉంటారు కాబట్టి ఫోన్‌లో అప్పటికి అలారం పెట్టుకోండి, స్ట్రిప్ హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. అప్పటికీ నెలకు రెండు మూడుసార్లు పోతుంటే రోజువారీ మాత్ర మీకు తగింది కాదు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షనో, కాపర్-టీనో ఆలోచించండి.

శ్రావణమాసం వ్రతం కోసం నెలసరి వాయిదా పడే మాత్రలు పది రోజులు వేసుకున్నాను. ఆ పది రోజులూ గర్భం రాదనే ధైర్యంతో జాగ్రత్త తీసుకోలేదు. ఇప్పుడు అనుమానంగా ఉంది.
– రాజమహేంద్రవరం

ఆ అనుమానం సరైనదే. వ్రతాలకూ పెళ్లిళ్లకూ తిరుమల ప్రయాణాలకూ మన ఇళ్లలో వాడేది నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర. నెలసరి తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడుసార్లు వేసుకుంటారు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. అది గర్భాశయం పొరను రాలిపోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. మీరు మొదలుపెట్టేనాటికి ఆ నెల అండం విడుదలై పది రోజులు దాటి ఉంటుంది. జరిగిపోయిన దాన్ని ఆ మాత్ర ఆపలేదు. దాన్ని గర్భనిరోధకంగా ఎవరూ లెక్కించరాదు.

మాత్రలు ఆపి వారం దాటినా నెలసరి రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోండి.

మాలా-డి లాంటివి రోజూ వాడేవాళ్లకు వాయిదా కోసం వేరే మాత్రే అక్కర్లేదన్న సంగతి చాలామందికి తెలియదు. వ్రతం రోజు ఐరన్ వారంలో పడుతుంటే ఆ ఏడు మాత్రలూ పక్కన పెట్టి, 21వ తెల్ల మాత్ర మర్నాడే కొత్త స్ట్రిప్ తెల్ల మాత్రలు వేసుకోండి. నెలసరి రాదు, రక్షణా పోదు.

పాపకు మూడు నెలలు, నా పాలే తాగుతుంది. ఆశా అక్క ‘ఛాయ’ మాత్రలు ఇచ్చింది. మా ఆడపడుచు మాలా-ఎన్ వేసుకోమంటోంది. ఏది మంచిది?
– నాగర్‌కర్నూల్

ఆశా అక్క మాటే వినండి. మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ ఉంది. పాలిచ్చే తల్లులకు కాన్పయిన ఆరు నెలల దాకా దాన్ని సాధారణంగా ఇవ్వరు, పాలు తగ్గే వీలుంది. కాన్పయిన తొలి వారాల్లోనైతే రక్తం గడ్డకట్టే ముప్పు కూడా తోడవుతుంది.

ఛాయలో హార్మోన్ లేదు. అందులో ఉన్నది సెంట్‌క్రోమన్ 30 మిల్లీగ్రాములు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మన దేశంలోనే తయారుచేసిన మందు ఇది. షాపుల్లో ‘సహేలి’ పేరుతో 1991 నుంచి ఉంది. పాలకు గానీ బిడ్డకు గానీ ఇబ్బంది లేదు.

ఇది రోజూ వేసుకునేది కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి. మొదటి మాత్ర ఆదివారం వేసుకుంటే రెండోది బుధవారం. మూడు నెలలపాటు ఆదివారం, బుధవారం. నాలుగో నెల నుంచి ఆదివారం మాత్రమే. నెలసరి వచ్చినా రాకపోయినా వారం తప్పకూడదు. వారానికొకటే కదా అని తేలిగ్గా తీసుకుని మరిచిపోవడమే దీనితో వచ్చే చిక్కు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. మాత్ర తప్పి వారం దాటకపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకుని అదే వరసలో కొనసాగించాలి, వచ్చే నెలసరి దాకా నిరోధ్ వాడాలి. వారం దాటితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది: మూడు నెలలు వారానికి రెండు.

నెలసరి వచ్చేవాళ్లు దీన్ని మొదటి రోజున మొదలుపెట్టాలి. మీకు కాన్పు తర్వాత ఇంకా నెలసరి రాలేదనుకుంటున్నాం. పాపకు పగలు నాలుగు గంటలకు, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం లేకుండా, నీళ్లు, పోతపాలు లేకుండా మీ పాలే పడుతుంటే, ఆరు నెలల దాకా ఆ పాలివ్వడమే మంచి రక్షణ. మాత్ర దానికి తోడవుతుంది. ఛాయ వల్ల నెలసరి ఆలస్యం కావడం సహజం. రావాల్సిన తేదీ పదిహేను రోజులు దాటితే మాత్రం పరీక్ష చేయించుకోండి. ఈ మధ్య కామెర్లు వచ్చినవాళ్లకు, అండాశయంలో నీటిబుడగలున్నవాళ్లకు ఛాయ పనికిరాదు, ఆ సంగతి ఏఎన్‌ఎంకు ముందే చెప్పండి.

నాకు టీబీ మందులు మొదలుపెట్టారు. మాలా-ఎన్ వాడుతున్నాను. యాంటీబయాటిక్స్ వాడితే మాత్ర పనిచేయదంటారు, నిజమేనా?
– కర్నూలు

జ్వరానికీ గొంతు నొప్పికీ ఇచ్చే అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ లాంటి వాటితో ఏ ఇబ్బందీ లేదు, ఆ మాట జనంలో అనవసరంగా పాకింది. మీ విషయంలో మాత్రం నిజం. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ కాలేయాన్ని తొందరపెట్టి మాత్రలోని హార్మోన్లను పూర్తిగా పనిచేయకముందే విరగ్గొట్టేస్తుంది. రెండు మాత్రలు వేసుకున్నా లాభం లేదు. టీబీ మందు నడిచినన్నాళ్లూ, ఆపాక ఇంకో నాలుగు వారాలూ మాలా-ఎన్‌ను నమ్ముకోవద్దు. కాపర్-టీకి ఈ గొడవ లేదు. అది వేయించుకునేదాకా నిరోధ్ వాడండి. మాత్ర కోసం టీబీ మందు ఆపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఫిట్స్‌కు వాడే ఫినైటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కూడా ఇలాంటివే. లామోట్రిజిన్ సంగతి తిరగబడుతుంది: మాత్ర వల్ల ఆ మందే రక్తంలో తగ్గి ఫిట్స్ తిరగబెట్టొచ్చు.

వయసు 37. అప్పుడప్పుడు మైగ్రేన్ వస్తుంది, వచ్చే ముందు కళ్ల ముందు మెరుపుగీతలు కనిపిస్తాయి. మాత్రలు వాడొచ్చా?
– నెల్లూరు

వద్దు. మెరుపుగీతలతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, ఏ వయసులోనైనా. బీపీ 140/90 దాటినవాళ్లు, 35 ఏళ్లు దాటి సిగరెట్ తాగేవాళ్లు, ఎప్పుడైనా కాలి నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెజబ్బు, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవాళ్లు కూడా డాక్టరును కలవకుండా మొదలుపెట్టకూడదు. మీకు కాపర్-టీ, లేదా ఈస్ట్రోజెన్ లేని డెసోజెస్ట్రెల్ మాత్ర నయం.

ఇప్పటికే వాడుతున్నవాళ్లకు పిక్కలో ఒకవైపు వాపుతో నొప్పి, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎన్నడూ లేని తలనొప్పి, చూపు మసకబారడం, కడుపులో తీవ్రమైన నొప్పి... వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

వచ్చే నెల డాలస్‌కు వెళ్తున్నాను. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటున్నాను. అక్కడ ఏ టైముకు వేసుకోవాలి? అక్కడ కొనడానికి చీటీ కావాలంటున్నారు.
– హైదరాబాద్

మన రాత్రి 9 గంటలంటే వేసవిలో డాలస్‌లో అదే రోజు ఉదయం 10:30, చలికాలంలో 9:30. ఉదయం ఆ వేళ కుదిరితే అలాగే సాగించండి. రాత్రికి మార్చుకోవాలంటే ఒకరోజు మాత్రను ముందుకు జరపండి, వెనక్కి కాదు. అంటే ఉదయం ఒకటి, అదే రాత్రి తర్వాతి రోజుది. రెండు మాత్రల మధ్య 24 గంటలు మించకపోతే చాలు, తగ్గితే నష్టం లేదు. ప్రయాణంలో స్ట్రిప్ చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

అక్కడ మాలా-డిలా రెండు హార్మోన్లు కలిసి ఉండే మాత్రలకు చీటీ కావాలి, ఇన్సూరెన్స్ చాలావరకు పూర్తిగా భరిస్తుంది. చీటీ లేకుండా దొరికేది ఓపిల్ అనే నార్జెస్ట్రెల్ మాత్ర, దానికి 2023లో అనుమతి ఇచ్చారు. దాని పద్ధతి వేరు. ఐరన్ మాత్రలు, విరామం ఉండవు, 28 మాత్రలూ మందే. మొదలుపెట్టిన 48 గంటలు నిరోధ్ వాడాలి. వేళకు మూడు గంటలు ఆలస్యమైతే మళ్లీ 48 గంటలు నిరోధ్ వాడాలి. మీకు అలవాటైన మాత్రలో ఉన్నంత వెసులుబాటు దీంట్లో లేదు. మూడు నాలుగు నెలలకు సరిపడా స్ట్రిప్‌లు డాక్టరు చీటీతో సహా ఇక్కడి నుంచే తీసుకెళ్లి, అవి అయ్యేలోపు అక్కడ డాక్టరును చూసుకోండి.

పీసీఓడీకి డాక్టరు 21 మాత్రల స్ట్రిప్ రాశారు. వీటితో గర్భం కూడా రాదా?
– పేరు రాయని పాఠకురాలు

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ కలిసిన మాత్ర అయితే రాదు, రోజూ వేసుకుంటే. నియమాలన్నీ మాలా-డికి చెప్పినవే. ఐరన్ మాత్రలుండవు కాబట్టి 21 అయ్యాక సరిగ్గా ఏడు రోజులు ఆగి ఎనిమిదో రోజు కొత్తది మొదలుపెట్టాలి. ఆ ఏడు రోజులూ రక్షణ ఉంటుంది, కొత్త స్ట్రిప్ సమయానికి మొదలైతేనే. నెలసరి ఆగేదాకా చూసి మొదలుపెడతామనుకుంటే ఎనిమిదో రోజు దాటిపోతుంది. మీకు పీసీఓడీ వల్ల నెలసరి క్రమం లేకపోతే, మొదటి స్ట్రిప్‌కు ఏడు రోజులు నిరోధ్ వాడటం మేలు.

ఏడాదిగా మాలా-డి వాడుతున్నాను. ఇప్పుడు పిల్లలు కావాలి. మాత్ర ఒంట్లోంచి పోవడానికి ఆరు నెలలు పడుతుందట కదా? అత్తగారు ఇక పిల్లలు పుట్టరని భయపెడుతున్నారు.
– శ్రీకాకుళం

మాత్ర ఒంట్లోంచి పోవడానికి ఆరు నెలలు కాదు, కొద్ది రోజులే. అండాశయాన్ని రోజూ నిద్రపుచ్చాల్సి వచ్చేది అందుకే. ఆపిన మొదటి నెలలోనే గర్భం రావొచ్చు, కొందరికి రెండు మూడు నెలలు ఆలస్యం కావొచ్చు. చేతిలో ఉన్న స్ట్రిప్ పూర్తి చేసి ఆపండి, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పుడే మొదలుపెట్టండి. మాత్ర ఆపి మూడు నెలలైనా నెలసరి రాకపోతే డాక్టరును కలవండి. మాత్రలు వాడకముందు మీకు నెలసరి సక్రమంగా వచ్చేదా లేదా అన్నది గుర్తు తెచ్చుకుని వెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.

ఈ నెలలో అత్యవసర మాత్ర రెండుసార్లు వేసుకున్నాను. ఇక రోజువారీ మాత్రకు మారుదామనుకుంటున్నా. ఎన్ని రోజులు ఆగాలి?
– విశాఖపట్నం

ఒక్కరోజు కూడా ఆగొద్దు. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల అత్యవసర మాత్ర 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అయితే అది అంతకు ముందు జరిగిన దానికే, ఆ తర్వాత కలిస్తే కాపాడదు. అది అండం విడుదలను కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది, కాబట్టి వేసుకున్న తర్వాతి వారమే మరింత ముప్పు. ఈ రోజే మాలా-డి మొదలుపెట్టి ఏడు రోజులు నిరోధ్ వాడండి, అత్యవసర మాత్ర ఇవాళే వేసుకున్నా సరే. చివరిసారి రక్షణ లేకుండా కలిసిన రోజు నుంచి మూడు వారాలకు మూత్ర పరీక్ష చేసుకోండి.